కోరల్సా, అనిమోన్లా? చిన్న ఫారం పెట్టేవాళ్లు దేనితో మొదలుపెట్టాలి

కోరల్స్ (పగడాలు) గానీ, అనిమోన్లు (సున్నపు గూడు కట్టని, పువ్వులాంటి సముద్ర జీవులు) గానీ పెంచి అమ్ముదామనుకునేవాళ్లు నన్ను మొదట అడిగేది ఒకటే: "దేనికి రేటు బాగా వస్తుంది?" అడగడంలో తప్పు లేదు, వ్యాపారం కదా. కానీ ఒక్క మనిషి రెండు మూడు ట్యాంకులతో నడిపే చోట అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. మన వల్ల పొరపాటు జరిగితే ఆ జీవి ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది?

ఇది నాకు ఒకే ఒక్క వారంలో తెలిసొచ్చింది. అప్పట్లో నా 400 లీటర్ల ట్యాంకులో అన్నీ కలిపే ఉండేవి. మెత్తటి రకాలైన మష్రూమ్‌లు, జోవాలు, గట్టి సున్నపు గూడు కట్టే హ్యామర్ కోరల్స్, మోంటిపోరా, ఆక్రోపోరా. ఐదు రోజులు ఊళ్లో లేను. ఆ సమయంలో కొలత ప్రకారం ద్రావణాలు పోసే డోసింగ్ పంపు ట్యూబు ఊడిపోయి, ఆల్కలినిటీ (పగడాలు గూడు కట్టుకోవడానికి వాడుకునే కార్బొనేట్ల మోతాదు) కోసం పోయాల్సిన ద్రావణం అంతా నేలపాలైంది. తిరిగొచ్చి టెస్ట్ చేస్తే 8.2 ఉండాల్సిన డీకేహెచ్ (ఆల్కలినిటీ కొలత) 5.6 చూపించింది. టెన్షన్‌లో ఆ రాత్రికి రాత్రే ద్రావణం పోసి 8 దాటించేశాను. మూడో రోజు పొద్దున ఆక్రోపోరా కొమ్మల మొదళ్లు తెల్లగా కనిపించాయి. ఒక కొమ్మని వేలితో తాకితే, పల్చటి గోధుమరంగు పొర తడి కాగితంలా ఊడి నీళ్లలోకి జారిపోయింది. లోపల మిగిలింది ఉత్త సున్నపు గూడు. వారం తిరిగేసరికి ఆక్రోపోరా ఒక్కటీ మిగల్లేదు. మోంటిపోరా రంగు వెలిసిపోయి, రెండు నెలలకు కోలుకుంది. హ్యామర్లు వారం రోజులు ముడుచుకున్నాయి. జోవాలు రెండు రోజులు మూసుకుని మళ్లీ తెరుచుకున్నాయి. మష్రూమ్‌లలో అయితే ఏ మార్పూ లేదు.

ట్యాంకు ఒకటే, నీళ్లు ఒకటే, తప్పూ ఒకటే. అందుకే ఈ పోలికంతా ఓర్పు ఎక్కువున్న వాటి నుంచి తక్కువున్న వాటి దాకా, ఆ వరసలోనే చెబుతాను.

జీవిని ఎంచుకునే ముందు చట్టం

ఒక్క మాట ముందే చెప్పాలి. గట్టి సున్నపు గూడు కట్టే రాతి పగడాలన్నీ సైటిస్ (ముప్పున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్నాయి. ట్యాంకులో పెంచినవే అయినా దేశం దాటించాలంటే పర్మిట్ కావాలి. మష్రూమ్‌లు, జోవాలు, లెదర్ కోరల్స్, అనిమోన్లు ఆ జాబితాలో లేవు. ఆర్గన్ పైప్, బ్లూ కోరల్ మాత్రం చూడ్డానికి సాఫ్ట్ కోరల్స్‌కు దగ్గరగా ఉన్నా జాబితాలో ఉన్నాయి. ఇక ఆయా దేశాల సొంత చట్టాలు ఇంకా కఠినంగా ఉండొచ్చు. కొన్నిచోట్ల ఏ పగడమైనా సరే, దగ్గర ఉంచుకోవడమే నేరం. మీరున్న చోట అదే పరిస్థితైతే ఈ వ్యాపారం జోలికి వెళ్లకండి. అనుమతి ఉన్నచోట కూడా ప్రతి తల్లి కాలనీ (ముక్కలు కోసి పెంచి అమ్మడానికి ఉంచుకునే పగడం) ఎక్కడ కొన్నారో బిల్లుతో సహా ఫైల్లో పెట్టుకోండి. సముద్రం నుంచి తెచ్చే సరుకు మీద ఆధారపడితే ఏమవుతుందో 2018లో అందరూ చూశారు. ఆ ఏడాది ఇండోనేషియా పగడాల ఎగుమతి ఆపేసింది. మళ్లీ తెరిచింది 2020లో, అదీ పెంపకపు పగడాలకే. ఆ మధ్యకాలంలో నిలబడింది ట్యాంకులో తల్లి కాలనీలు ఉన్నవాళ్లే.

సాఫ్ట్ కోరల్స్: ఓర్పు ఎక్కువ, రేటు తక్కువ

మష్రూమ్‌లను, జోవాలను కూడా వ్యాపారంలో సాఫ్ట్ కోరల్స్ కిందే కలిపేస్తారు, శాస్త్రం ప్రకారం అవి వేరే వర్గాలైనా సరే. వీటిలో పెద్ద సుఖం ఏమిటంటే ఇవి నీళ్లలోంచి కాల్షియం, ఆల్కలినిటీ పెద్దగా లాగవు. వారానికోసారి కొంత నీరు మారిస్తే చాలు, డోసింగ్ పంపుల గొడవే ఉండదు. లైటు కూడా తక్కువే. మష్రూమ్‌లకు 50 నుంచి 100 పార్ (పగడాలకు పనికొచ్చే వెలుతురు కొలత), జోవాలకు దాదాపు 100 సరిపోతుంది.

కోయడం కూడా సులువు. మష్రూమ్‌ను నోటి మధ్య నుంచి నాలుగు ముక్కలుగా కోసి, రాతి తునకలున్న గిన్నెలో వేసి పైన వల కట్టి, నీటి తోపు తక్కువున్న మూల పెడితే రెండు మూడు వారాల్లో తునకలకు అంటుకుంటాయి. దాన్ని జిగురుతో అతికించాలని చూడకండి, ఒంటి నిండా జిగటే కాబట్టి నిలవదు. గ్రీన్ స్టార్ పాలిప్స్ గడ్డిలా పరుచుకుంటాయి. వాటిని మిగతా రాళ్లకు తగలకుండా విడిగా ఉంచకపోతే ట్యాంకంతా వాటిదే అవుతుంది. జీనియా ఇంకా వేగం, కానీ ప్రయాణం అసలు పడదు. పార్సిల్ తెరిస్తే ముద్దగా మారిన సందర్భాలే ఎక్కువ. దగ్గరి కొనుగోలుదారుకు చేత్తో ఇవ్వగలిగితేనే జీనియా పెట్టుకోండి. లెదర్ కోరల్స్ పక్కవాటిని అణిచేసే రసాయనాలు నీళ్లలోకి వదులుతాయి. వాటితో రాతి పగడాలు కలిపి పెంచేటట్టయితే ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ ఉండాల్సిందే.

జోవాల దగ్గర మాత్రం కొంచెంసేపు ఆగాలి. వీటిలో, ముఖ్యంగా పాలిథోవా రకాల్లో, పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. దానికి విరుగుడు లేదు. కోస్తున్నప్పుడు పాలిప్ (కాలనీలోని ఒక్కో చిన్న జీవి) నుంచి నీళ్లు చివ్వున చిమ్ముతాయి, నేరుగా కళ్లలోకి వస్తాయి. అందుకే కళ్లద్దాలు, గ్లోవ్స్, మాస్క్ లేకుండా కత్తి పట్టొద్దు. చేతి మీద గీత పడి ఉంటే ఆ రోజు పని మానేయండి. అన్నిటికంటే ముఖ్యం: జోవాలున్న రాయిని శుభ్రం చేద్దామని ఎప్పుడూ ఉడకబెట్టకండి, వేడినీళ్లు పోయకండి. ఆ ఆవిరి పీల్చి కుటుంబం మొత్తం ఆసుపత్రి పాలైన ఘటనలున్నాయి. ఇంట్లో చిన్నపిల్లలు, పెంపుడు జంతువులు ఉంటే కోసే గది వేరుగా ఉండాలి. అది కుదరకపోతే జోవాలు వదిలేసి మష్రూమ్‌లతో సరిపెట్టుకోండి. మొహమాటం లేకుండా చెబుతున్నాను.

డబ్బు సంగతికొస్తే, ఎవరైనా పెంచగలిగేది ఎవరూ ఎక్కువ రేటుకు కొనరు. జోవాల్లో కొత్త రంగుకు ఒక పేరు పెట్టి పాలిప్ లెక్కన అమ్ముతారు. ఏడాది రెండేళ్లలో అది అందరి ట్యాంకుల్లోనూ ఉంటుంది, రేటు దిగిపోతుంది. ఒక్క పాలిప్ మీద పెద్ద డబ్బు పెట్టేకన్నా, వేగంగా పెరిగే మధ్యరకం రంగులు ఐదారు తెచ్చుకోవడం మేలు.

ఎల్‌పీఎస్: చిన్న ఫారానికి నా ఓటు

హ్యామర్, ఫ్రాగ్‌స్పాన్, టార్చ్, డంకన్, క్యాండీకేన్, మైక్రోముస్సా. పెద్ద పాలిప్ ఉన్న రాతి పగడాలివి. చూడగానే కొనుగోలుదారు ఆగిపోతాడు, నీటి తోపుకు ఊగుతూ ఉంటాయి కదా. సాఫ్ట్ కోరల్స్ కంటే రేటు ఎక్కువ, ఆక్రోపోరా కంటే ఓర్పు ఎక్కువ. లైటు 100 నుంచి 150 పార్ సరిపోతుంది.

కొమ్మలుగా పెరిగే హ్యామర్‌ను కోయడం గులాబీ కొమ్మ కత్తిరించినట్టే ఉంటుంది. తల కింద కండ ఎక్కడ ఆగిందో చూసి, దానికి కనీసం రెండు మూడు సెంటీమీటర్లు దిగువన, ఉత్త సున్నం ఉన్నచోట రంపంతో కోయాలి. కండకు కత్తి తగలదు కాబట్టి గాయమే ఉండదు. మర్నాటికే తెరుచుకుంటుంది. ఇదే హ్యామర్‌లో గోడలా వంకరగా పెరిగే రకం ఉంది. దాన్ని కోస్తే కండ మధ్యలోంచే కోయాలి, ఆ గాయం కుళ్లితే మొత్తం పోతుంది. కొనేటప్పుడే కొమ్మల రకం అడిగి తీసుకోండి. చిన్న ఫారానికి గోడ రకం వద్దు.

వీటి జబ్బుల్లో భయపడాల్సింది బ్రౌన్ జెల్లీ. ఒక తల మీద గోధుమరంగు జిగురు కనిపిస్తే ఆలోచిస్తూ కూర్చోవద్దు. ఆ తలను నీళ్లలో కదపకుండా, జిగురును పైపుతో పీల్చేసి, కొమ్మను వెంటనే బయటికి తీయాలి. మరో సంగతి ఎడం. టార్చ్ కోరల్ రాత్రిపూట పొడవాటి టెంటకిల్స్ (మీసాల్లాంటి చేతులు) చాచి పక్కవాటిని కుడుతుంది. హ్యామర్, ఫ్రాగ్‌స్పాన్ ఒకదానికొకటి తగిలినా మామూలుగా సర్దుకుంటాయి, టార్చ్ పక్కన మాత్రం కనీసం ఒక జానెడు ఖాళీ వదలాలి. అంటే ఒకే ట్రేలో హ్యామర్లు ఎక్కువ పడతాయి, టార్చ్‌లు తక్కువ పడతాయి. రేటు పోల్చేటప్పుడు ఈ స్థలం కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఇక్కడి నుంచి నీటి లెక్క మొదలవుతుంది. పగడం సున్నం కట్టేటప్పుడు ఆల్కలినిటీ 1 డీకేహెచ్ తగ్గితే కాల్షియం తగ్గేది 7 పీపీఎం (పది లక్షల వంతుల్లో 7) దాకా మాత్రమే. సముద్రపు నీటిలో కాల్షియం 410 పీపీఎం పైనే ఉంటుంది కాబట్టి ఆ 7 తగ్గడం టెస్ట్ కిట్‌లో తేలదు. ఆల్కలినిటీ 8 నుంచి 7కి పడితే వెంటనే తెలుస్తుంది. అందుకే రోజూ చూడాల్సింది ఆల్కలినిటీనే, అదీ రోజూ ఒకే వేళకు. 400 లీటర్ల నీటిని 1 డీకేహెచ్ పెంచడానికి సోడియం బైకార్బొనేట్ దాదాపు 12 గ్రాములు కావాలి. మీ ట్యాంకు రోజుకు ఎంత లాగుతోందో వారం రోజులు రాసుకుంటే, నెలకు ఎంత మందు ఖర్చవుతుందో ముందే తెలిసిపోతుంది. ఒకవేళ నాకు జరిగినట్టు ఒక్కసారిగా పడిపోతే రోజుకు అర డీకేహెచ్ కంటే ఎక్కువ పెంచకండి. నా ఆక్రోపోరాను చంపింది ఆ తగ్గుదల ఒక్కటే కాదు, నేను ఆదరాబాదరాగా పెంచడం కూడా.

ఎస్‌పీఎస్: రెండో ఏడు దాకా ఆగండి

ఎస్‌పీఎస్ అంటే చిన్న పాలిప్ ఉన్న రాతి పగడాలు. వాటిలో ఆక్రోపోరా అందం చూసి ఆగడం కష్టమని నాకు తెలుసు. కానీ దానికి 250 నుంచి 400 పార్ లైటు కావాలి, బలమైన నీటి తోపు కావాలి, ఆల్కలినిటీ రోజు రోజుకూ మారకూడదు. కరెంటు బిల్లు సాఫ్ట్ కోరల్ ట్యాంకుతో పోలిస్తే చాలా పెరుగుతుంది. కోసి అతికించిన ముక్క వెంటనే పైకి పెరగదు. ముందు ప్లగ్ (ముక్కను అతికించే చిన్న దిమ్మ) మీద తొడుగులా పరుచుకుంటుంది, ఆ తర్వాతే కొమ్మ వేస్తుంది. నెలల తరబడి పెరుగుదల ఏమీ లేనట్టే అనిపిస్తుంది. ఆ ఓపిక మీకుందా అన్నది ఒక ప్రశ్న.

ఇంకో ప్రశ్న పురుగులు. ఆక్రోపోరాను తినే చదునుపురుగు పగడం రంగులోనే ఉంటుంది. కంటికి కనిపించేది పురుగు కాదు, అది తిన్నచోట మిగిలే గుండ్రటి లేత మచ్చలు. గుడ్లు మాత్రం కండ లేని మొదళ్లలో, సున్నం మీద గోధుమరంగు చుక్కల్లా పెడుతుంది. డిప్ మందులో ముంచితే పురుగులు రాలతాయి, గుడ్లు చావవు. కాబట్టి కొత్తగా తెచ్చిన ప్రతి ముక్కనూ పాత ప్లగ్ నుంచి విడదీసి, మొదలు గీకి, వేరే ట్యాంకులో పెట్టి, వారానికోసారి చొప్పున ఆరు వారాలు ముంచాలి. ఈ పని బద్ధకించే వాళ్లకు ఆక్రోపోరా వద్దు. ఒక్క ముక్కతో వచ్చిన పురుగు మొత్తం ఫారాన్ని ఊడ్చేస్తుంది.

మోంటిపోరా మధ్యేమార్గం. విస్తరాకులా వెడల్పుగా పరుచుకునే రకాలు చేత్తో విరిచినా ముక్క అవుతుంది, పెరుగుదల వేగం, తప్పులకు కొంత ఓర్పు ఉంది. ఎస్‌పీఎస్ చెయ్యి తిరగాలంటే ఒక ఏడాది మోంటిపోరాతో గడపండి.

అనిమోన్లు: లెక్క పూర్తిగా వేరు

అనిమోన్ సున్నం కట్టదు, కాబట్టి కాల్షియం ఖర్చు లేదు. క్లౌన్ ఫిష్ కొన్నవాళ్లు దాదాపు అందరూ అనిమోన్ అడుగుతారు, గిరాకీకి లోటు లేదు. బబుల్ టిప్ అనిమోన్ తనంతట తానే రెండుగా చీలుతుంది. కాగితం మీద చూస్తే దీన్ని మించింది లేదు. చిక్కంతా ఒక్కటే, అది నడుస్తుంది.

ఒక రాత్రి నా గులాబీరంగు బబుల్ టిప్ రాయి వదిలి బయల్దేరింది. పొద్దున గదిలోకి అడుగుపెడుతూనే కుళ్లిన వాసన కొట్టింది. లైటు వేస్తే నీళ్లు పలచని పాలలా ఉన్నాయి, వేవ్‌మేకర్ (నీళ్లను కదిపే పంపు) జాలీలో గులాబీరంగు పీలికలు ఇరుక్కుని ఉన్నాయి. పక్క ట్రేలో టార్చ్‌లు అన్నీ గూళ్లలోకి ముడుచుకుపోయాయి. సగం నీళ్లు మార్చి, కొత్త కార్బన్ వేసి, రోజంతా దగ్గరే కూర్చున్నా రెండు టార్చ్‌లు పోయాయి. ఒక్క అనిమోన్ చస్తే నష్టం దానితో ఆగదు, పక్కనున్న సరుకు కూడా పోతుంది. అందుకే నా దృష్టిలో అనిమోన్‌కు వేరే ట్యాంకు, వేరే నీళ్లు తప్పనిసరి. వేవ్‌మేకర్లకు, నీళ్లు బయటికి పోయే ఓవర్‌ఫ్లోకు స్పాంజీ గానీ సన్నజాలీ గానీ ముందే తొడగాలి. ట్యాంకు కూడా కనీసం ఆరునెలలు నడిచి స్థిరపడి ఉండాలి.

కోసే పద్ధతి చాలామంది అనుకున్నంత కష్టం కాదు. ఆరోగ్యంగా, బాగా తింటున్న బబుల్ టిప్‌ను మాత్రమే ఎంచుకోవాలి. చదునైన పలక మీద పెట్టి, కొత్త బ్లేడుతో నోటి మధ్య నుంచి పాదం దాకా ఒకే కోతలో విడగొట్టాలి. రంపంలా ముందుకీ వెనక్కీ కోస్తే కండ నలుగుతుంది. రెండు సగాలకూ సగం సగం నోరు రావాలి. జాలీ పెట్టెలో వేస్తే కోసిన అంచులు లోపలికి ముడుచుకుని, కొద్ది రోజుల్లో మళ్లీ గుండ్రంగా అవుతాయి. అసలు ఓపిక ఆ తర్వాతే కావాలి. కోసిన పది రోజులకే అమ్మేవాళ్లున్నారు. కొన్నవాడి ట్యాంకులో అది కుళ్లిపోతుంది. పాదం గట్టిగా పట్టి, చిన్న రొయ్య ముక్క నాలుగైదు సార్లు తిని అరిగించుకున్నాక అమ్మడం న్యాయం. నేను రెండు నెలలు ఉంచుతాను.

కార్పెట్ అనిమోన్లు, మాగ్నిఫికా లాంటి పెద్ద రకాలు చిన్న ఫారానికి పనికిరావు. కోస్తే బతుకుతాయన్న భరోసా లేదు, ప్రయాణంలో నలిగితే కోలుకోవడం కష్టం. తెల్లటి అనిమోన్ అరుదైన రంగు అని ఎవరైనా చెబితే నమ్మకండి. తెలుపంటే లోపలి నాచు కణాలు పోయి ఆకలితో ఉందని అర్థం. పసుపు, నీలం ముదురుగా ఒంటి నిండా ఒకే మోతాదులో ఉంటే రంగు అద్దారేమో చూసుకోవాలి. వాటిని తల్లులుగా కొనొద్దు.

అనిమోన్లలో నాకు బాగా నచ్చినవి రాక్ ఫ్లవర్ రకాలు. ఇవి చీలవు, కోయకూడదు. ఆడ, మగ వేరు వేరు, పైకి చూసి చెప్పలేం. అందుకని ఆరేడు కలిపి దగ్గర దగ్గరగా పెంచాలి. అదృష్టం బాగుంటే ఒక రోజు తల్లి నోట్లోంచి గింజంత పిల్లలు బయటికొస్తాయి, పుట్టుకతోనే టెంటకిల్స్‌తో. ఒక్కో పిల్లది ఒక్కో రంగు, కాబట్టి బబుల్ టిప్‌లా ఒకే సరుకును పదిమందీ అమ్మే బెడద ఉండదు. ఇసుక పక్కన రాతి సందులో స్థిరపడితే ఎక్కువగా కదలవు. ఒకటే ఇబ్బంది, ఎప్పుడు పిల్లలు పెడతాయో మన చేతుల్లో లేదు. నెలనెలా ఆదాయం వీటి మీద లెక్కవేసుకోవద్దు.

ఒక పెద్ద ట్యాంకా, రెండు చిన్నవా

నీళ్లు ఎక్కువుంటే స్థిరత్వం ఎక్కువ, ఇది నిజం. ఉప్పు సాంద్రత 1.026, వేడి 25 డిగ్రీల దగ్గర నిలపడం 100 లీటర్లలో కంటే 500 లీటర్లలో సులువు. కానీ అన్నీ ఒకే నీటిలో ఉంటే ఒక్క హీటర్ ఆఫ్ కాకుండా ఇరుక్కుపోయినా అన్నీ పోతాయి. నా సలహా: ముప్పై సెంటీమీటర్ల లోతున్న వెడల్పాటి ట్యాంకు ఒకటి అమ్మకపు ముక్కలకు, దానితో ఏ సంబంధం లేని చిన్న ట్యాంకు ఒకటి ప్రతి తల్లి నుంచి తీసిన ఒక ముక్కకు. రైతు విత్తనపు గింజలు వేరుగా దాచుకున్నట్టు. గిరాకీ ఎంతున్నా ఆ చిన్న ట్యాంకులోది అమ్మకూడదు. కొత్త సరుకు పెట్టే క్వారంటైన్ మూడోది, అది ఇరవై ముప్పై లీటర్లున్నా చాలు.

కరెంటు పోతే ముందు అయిపోయేది నీటిలోని ఆక్సిజన్. వేడి, లైటు తర్వాతి సంగతి. అందుకే ఖరీదైన లైటు కొనే ముందు బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు కొనండి.

అమ్మకం విషయంలో పార్సిల్ పంపితే రేటు ఎక్కువ, షాపుకు ఇస్తే రేటు తక్కువ కానీ దారిలో చచ్చే బాధ మనది కాదు. పార్సిల్‌కైతే హ్యామర్, జోవా బాగా ప్రయాణిస్తాయి, థర్మాకోల్ పెట్టెలో డబుల్ కవర్ వేస్తే చాలు. అనిమోన్‌కు మూడు రోజులు ముందుగా తిండి ఆపాలి, లేకపోతే దారిలో కక్కి ఆ నీళ్లలోనే చస్తుంది.

మరి మీకేది

ఉద్యోగం చేసుకుంటూ రోజుకు అరగంట ఇవ్వగలిగితే మష్రూమ్‌లు, రెండు మూడు సాఫ్ట్ కోరల్స్, కాస్త క్యాండీకేన్. రోజుకు గంట గంటన్నర ఉండి, టెస్ట్ చేసి పుస్తకంలో రాసుకునే అలవాటుంటే కొమ్మల హ్యామర్లు, డంకన్‌లు ప్రధాన సరుకుగా పెట్టుకుని, మష్రూమ్‌లను పక్కన ఉంచండి. నేను ఇప్పుడు నడుపుతున్నది ఇదే. తరచూ ప్రయాణాలు చేసేవాళ్లు ఆక్రోపోరా ముట్టుకోవద్దు. ట్యాంకు చూసుకోవడానికి ఇంట్లో ఇంకో మనిషి ఉండి, ఆ మనిషికి ఆల్కలినిటీ టెస్ట్ చేయడం వస్తే అప్పుడు ఆలోచించండి.

అనిమోన్ విషయంలో నా షరతు ఒక్కటే. రెండో ట్యాంకు పెట్టే చోటు, స్తోమత ఉంటే రోజ్ బబుల్ టిప్ ఒకటి, రాక్ ఫ్లవర్లు ఆరు తెచ్చుకోండి. ఉన్నది ఒక్క ట్యాంకే అయితే, అందులో ఇప్పటికే హ్యామర్లు ఉంటే, అనిమోన్ అడిగిన కొనుగోలుదారుకు ఇంకో పెంపకందారు నంబరు ఇచ్చి పంపండి.